పడవలో తువ్వాలు వేసిన మిస్సు

నిన్న సాయంత్రం మా బెంగాలీ రైల్వే ఊళ్ళో, ఖరిదా బజారు దగ్గర టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కాను. నలుగురు పట్టే బండిలో అప్పటికే ఐదుగురున్నారు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూరగాయల సంచులతో చెయ్యెత్తారు. తోలేవాడు వెనక్కి తిరిగి చూడకుండానే "ఎక్‌టు చేపే బోసున్, దీదీ" అన్నాడు. కాస్త సర్దుకుని కూర్చోమని. నాకు ఒళ్ళు మండింది. ఇంకెక్కడికి సర్దుకోను, నీ నెత్తి మీదికా అని అడగడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని పక్కకి జరిగాను. మా తెలుగు మిస్సు గుర్తొచ్చింది. ఆవిడే ఉంటే ఆ ఇద్దరినీ, వాళ్ళ సంచుల్నీ, దారిన పోయే ఇంకో ముసలాయన్నీ కూడా ఎక్కించి, "నా అంత మనిసే ఒదిగినాది, నీకేటే పుల్లా?" అని నా మోచెయ్యి పొడిచి ఉండేది. మొన్న వానాకాలంలో పోయింది.

ఆవిడ మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. మా బడిలో నేను లెక్కలు చెప్తాను, ఆవిడ తెలుగు చెప్పేది. మాది ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. తెలుగు అక్కడ మూడో భాష, అదీ ఇష్టమైనవాళ్ళకే. ఏ క్లాసులోనూ పట్టుమని పది మంది ఉండేవారు కాదు. వాళ్ళని లైబ్రరీలో ఒక మూల కూర్చోబెట్టి చెప్పుకునేది. పుట్టింది నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడట. తండ్రీ అక్కడే, మొగుడూ అక్కడే. అంచేత ఆవిడ దృష్టిలో ఈ భూప్రపంచం మొత్తం ఒక రైలుబండి. పాఠం వినకుండా కిటికీలోంచి చూసే పిల్లాణ్ణి "ఈ గుంటడు ఒకటో నంబరు మీద కూకుని మూడో నంబరు బండి కోసం సూత్తన్నాడు" అనేది. స్టాఫ్ రూములో ముగ్గురు కూర్చునే బెంచీ మీద ఐదుగురిని కూర్చోబెట్టేది. ఐదో మనిషిని నేనే. సగం శరీరం గాలిలో ఉండగా నేను పరీక్ష పేపర్లు దిద్దిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆవిడ చేతిసంచి గురించి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పనట్టే. అందులో ఎప్పుడూ ఒక తువ్వాలు, ఒక ఇనప గొలుసు, తాళంకప్ప, ఉప్పు పొట్లం, ఉడకబెట్టిన శనగలు ఉండేవి. బడికి గొలుసెందుకండీ అంటే, "బండెక్కేటప్పుడు ఎతుక్కుంటే దొరుకుతాదేటి?" అనేది. ఏ బండీ ఎక్కేది లేదు. ఖరిదా నుంచి బడికి నడిచే వచ్చేది.

ఇలా ఉండగా మా ప్రిన్సిపాలు గారు కలకత్తాలో ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడినుంచి రెండు మాటలు పట్టుకొచ్చారు. ఒకటి టీమ్ బిల్డింగ్. రెండోది లైఫ్ స్కిల్స్. ఆ రోజు నుంచి బడిలో కుళాయి పాడైనా టీమ్ బిల్డింగే, మధ్యాహ్నం అన్నం దగ్గర పిల్లలు కొట్టుకున్నా లైఫ్ స్కిల్సే. ఆ మాటలు అమ్మే కంపెనీవాళ్ళు ఒక పథకం పెట్టారు. ముందు ఏడో తరగతి పిల్లల్ని ఒక రాత్రి అడవిలో క్యాంపుకి తీసుకెళ్తారు. అది బాగుందనిపిస్తే వచ్చే టర్ము నుంచి వాళ్ళ మనిషే వచ్చి బడిలో లైఫ్ స్కిల్స్ పీరియడ్ చెప్తాడు.

టైం టేబులు చూస్తే సూది దూరే సందు లేదు. లెక్కలు తీస్తే తల్లిదండ్రులు మీద పడతారు. సైన్సు తీస్తే బోర్డు ఊరుకోదు. ఇంక మిగిలింది ఎవరూ అడగనిది ఒక్కటే. ప్రిన్సిపాలు గారు మీటింగులో అందరి ముందూ అన్నారు: "క్యాంపు సక్సెస్ అయితే తెలుగు పీరియడ్ లైఫ్ స్కిల్స్‌కి ఇచ్చేద్దాం. కాకపోతే పాత పద్ధతే." ఆవిడ అక్కడే ఉంది. శనగలు నములుతోంది. నమలడం ఆపింది.

ఆ వెంటనే ఆడపిల్లలకి తోడుగా ఎవరు వెళ్తారని అడిగారు. క్లాస్ టీచర్ని గనక నేను తప్పించుకోలేకపోయాను. ఇంకొకరు కావాలి. ఒకావిడకి అత్తగారు, ఒకావిడకి థైరాయిడు, ఒకావిడకి ట్యూషన్లు. అప్పుడు ఈవిడ చెయ్యెత్తింది. నాకు మతి పోయింది. బయటికొచ్చాక కొంగు పట్టుకుని అడిగాను, మీ గొయ్యి మీరే తవ్వుకుంటారా అని.

"గొయ్యి ఎవులైనా తవ్వుతారే. రేత్రి అడివిలో గుంటల్ని ఎవులు సూత్తారు?" అంది.

చలికాలంలో ఒక శనివారం బస్సులో బయల్దేరాం. ఝార్‌గ్రామ్ దారిలో సాల చెట్ల మధ్య ఒక మైదానం, వరసగా నీలిరంగు గుడారాలు, ఒక చేతిపంపు. కంపెనీ పంపిన శిక్షకుడు టోపీ, మెడలో ఈల, బోలెడు నవ్వుతో ఎదురొచ్చాడు. కుర్రాడు మంచివాడే. రైల్వే ఊరి పిల్లల్ని అంతకుముందు చూసినట్టు లేడు, అంతే.

బస్సు ఆగీ ఆగకుండానే మావాళ్ళు కిటికీల్లోంచి దూకి గుడారాల్లోకి పరిగెత్తి తువ్వాళ్ళు పరిచేశారు. "ఇది నాది, లోయరు నాది!" అని అరుపులు. నేల మీద పడుకునే గుడారంలో లోయరేమిటో, అప్పరేమిటో! తర్వాత ప్రతి తల్లీ తన బిడ్డకి ఇచ్చి పంపిన గొలుసులు బయటికొచ్చాయి. బ్యాగులన్నీ చెట్లకి కట్టి తాళాలు వేశారు. అది అడవి, చుట్టూ మనిషి జాడ లేదు. శిక్షకుడు ఆ గొలుసులు చూసి నా వైపు చూశాడు. నేను తెలుగు మిస్సు వైపు చూశాను. ఆవిడ తన సంచిని గుడారం మేకుకి కడుతోంది.

మొదటి ఆట, నమ్మకం ఆట. కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, మిగతావాళ్ళు పట్టుకోవాలి. ముందు టీచర్లు చేసి చూపిస్తే పిల్లలకి ధైర్యం వస్తుందని శిక్షకుడు ఆవిణ్ణి పిలిచాడు.

"నాయినా, నాను పడితే పట్టుకోడానికి పిల్లలు సాలరు. బ్రేక్‌డౌన్ క్రేన్ రావాల," అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయనకి నేను హిందీలో చెప్పాను. ఆయనా నవ్వాడు గానీ, చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

రెండోది న్యూస్ పేపరు ఆట. ఒక్కో జట్టుకి ఒక పేపరు ఇస్తారు. దాన్ని నేల మీద పరిచి జట్టంతా దాని మీద నిలబడాలి. తర్వాత మడత పెట్టాలి, మళ్ళీ నిలబడాలి. అలా మడుస్తూ పోతే చోటు చాలక ఒక్కో జట్టూ ఓడిపోవాలి. కుర్రాడు పేపర్లు పంచి, ఆట చెప్పడానికి మైకు తెచ్చుకుందామని అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి అన్ని జట్లూ పేపరు పరుచుకుని చక్కగా మఠం వేసుకుని కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరిచేశాయి! పులిహోర, పూరీ కూర, ఆలూ పరాఠా చేతులు మారుతున్నాయి. ఆయన మైకు కింద పెట్టేశాడు. పాపం, ఆయనకేం తెలుసు? జనరల్ బోగీలో పుట్టి పెరిగిన పిల్లలకి నేల మీద పేపరు పరవమంటే ఇంక వేరే అర్థం ఏముంటుంది? మిస్సు ఒక జట్టు మధ్యలో కూర్చుని ఉప్పు పొట్లం విప్పుతోంది. "మీరూ తినండి నాయినా, ఎండనపడి తిరుగుతున్నారు," అని ఆయన చేతిలో పూరీ పెట్టింది.

ఎలాగో లేపి, అసలు ఆట మొదలుపెట్టాడు. ఒక మడత, రెండు మడతలు, మూడు మడతలు. ఎవరూ ఓడరే! ఈవిడ చుట్టూ తిరుగుతూ "సరుదుకోండర్రా, సరుదుకోండి! ఓలమ్మ, ఆ కాలు నేల మీదెందుకే, పక్కదాని కాలి మీద ఎయ్యి! ఓరి, నువ్వు ఆడి భుజం పట్టుకుని యేలాడు!" అని కేకలు. అరచెయ్యంత కాగితం మీద అంతమందీ ఫుట్‌బోర్డు మీద వేలాడినట్టు వేలాడుతున్నారు. శిక్షకుడు ఈల ఊదీ ఊదీ అలిసిపోయి, "ఎవరో ఒకరు ఔట్ అవ్వాలి కదా మేడమ్, లేకపోతే ఆట ఎలా ముగుస్తుంది?" అన్నాడు.

"ఎందుకు ముగియాల?" అని అడిగింది ఆవిడ. నిజంగా తెలీకే అడిగింది.

చీకటి పడేముందు చేతిపంపు దగ్గర ఇద్దరం గిన్నెలు కడుక్కుంటున్నాం. అంతసేపూ ఆపుకున్న కోపం నాకు తన్నుకొచ్చింది. "ఇంత బాగా ఆడించకండి. రేపు బడి కమిటీ సెక్రటరీ గారు వస్తున్నారు. క్యాంపు కంపైతే మీ పీరియడ్ మీకుంటుంది. కాస్త ఊరుకోండి, మీకు పుణ్యముంటుంది," అన్నాను.

ఆవిడ పంపు కొట్టడం ఆపి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మా సందులో తెలుగోల్లు ఎవులూ లేరే ఇప్పుడు. ఉన్నోల్లు ఇల్లమ్మీసి ఎల్లిపోనారు. మా ఆయన పోయినాక ఇంట్లో టీవీతోటి మాటాడుకుంతన్నాను. ఈ గుంటలు వొచ్చి 'మిస్సు, నాను రాసినాను సూడండి' అంతే పేణం లేచొస్తాది. నాకు పాటం సెప్పే సోకేటీ లేదు. ఎవులో ఒకలు నాతోటి తెలుగులో మాటాడాల. అంతే." మళ్ళీ పంపు కొడుతూ, "అలాగని గుంటల ఆట సెడగొట్టమంతావేటి? ఆల్లేటి సేసినారు?" అంది.

నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను. ఆవిడ కన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ గారు కారులో దిగారు. వెంట ప్రిన్సిపాలు గారు, ఒక ఫోటో తీసే మనిషి. అన్నిటికన్నా గొప్ప ఆట వాళ్ళ కోసమే దాచి ఉంచారు. నేల మీద నీలిరంగు టార్పాలిన్ పరిచి చుట్టూ తాడు వేశారు. అది పడవ. నడి సముద్రంలో మునిగిపోతోంది. ఒక్కరు దిగిపోతే మిగతావాళ్ళు బతుకుతారు. పడవలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ వల్ల పడవకి ఏం ఉపయోగమో చెప్పుకోవాలి. ఒడ్డున ఉన్న పిల్లలు ఓట్లు వేసి ఒకరిని దించాలి. దీనివల్ల నిర్ణయాలు తీసుకునే శక్తి పెరుగుతుందట. ఎవర్ని ముంచాలో తేల్చుకునే శక్తి మన పెద్దలకి పుట్టుకతోనే ఉంది, పిల్లలకి కూడా ప్రత్యేకంగా నేర్పాలా?

పడవలో సెక్రటరీ గారు, ప్రిన్సిపాలు గారు, నేను, తెలుగు మిస్సు, కొందరు పిల్లలు ఎక్కాం. సెక్రటరీ గారు తనకి పడవలు కొనే స్తోమతు ఉందన్నారు. ప్రిన్సిపాలు గారు తాను దిశానిర్దేశం చేస్తానన్నారు. ఎటువైపో చెప్పలేదు. పిల్లలు ఈతొచ్చనీ, చేపలు పడతామనీ అన్నారు. నేను లెక్క కట్టి మంచినీళ్ళు పంచుతానన్నాను. చివరికి ఆవిడ వంతు వచ్చింది.

"మేడమ్, సముద్రం మధ్యలో తెలుగు ఏం ఉపయోగం?" అని అడిగాడు శిక్షకుడు. కుర్రాడు నవ్వుతూనే అడిగాడు. టైం టేబులు సంగతి ఆయనకి తెలీదనుకుంటా. ప్రిన్సిపాలు గారు మాత్రం తన బూట్ల వైపు చూసుకున్నారు.

ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచింది.

"నిజిమే నాయినా, సముద్రంలో తెలుగెందుకు? నానే దిగిపోతాను. నా అంత మనిసి దిగితే మీ పడవ దానంతటదే తేలుతాది," అంది. అని, సంచిలోంచి తువ్వాలు తీసి, దులిపి, తను కూర్చున్న చోట పరిచింది. "ఇది మాత్తరం తియ్యకండి. తువ్వాలున్న సీట్లో మనిసున్నట్టే లెక్క. మా ఊల్లో ఎవుల్నైనా అడగండి." అని తాడు దాటి గడ్డి మీదికి దిగింది.

నేను అది హిందీలో చెప్పేలోపే ఒడ్డున గోల మొదలైంది. ఓట్లు గీట్లు ఎవరికి కావాలి? ఒక బిహారీ పిల్ల, గార్డు గారమ్మాయి, "మిస్ నహీ ఉతరేంగీ! సర్కో, సర్కో!" అని, మిస్సు దిగరు, జరగండి జరగండని, అరుస్తూ పడవలోకి దూకింది. దాని వెనక క్లాసంతా దూకింది. నలుగురు వెళ్ళి మిస్సు చేతులు పట్టుకుని లాక్కొచ్చి తువ్వాలు మీద కూలేశారు. నలభై మంది ఆ టార్పాలిన్ మీద! సెక్రటరీ గారు మధ్యలో నలిగిపోతున్నారు. ప్రిన్సిపాలు గారు ఒక కాలు సముద్రంలో పెట్టి శిక్షకుడి మెడ పట్టుకుని నిలబడ్డారు. "సరుదుకోండర్రా! సెక్రటరీ బాబుకి ఊపిరాడనియ్యండర్రా!" అని ఆవిడ కేకలు. తువ్వాలు మాత్రం ఒక్కరూ తొక్కలేదు.

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆట నాశనమైంది కదా, క్యాంపు కంపైంది కదా, పీరియడ్ నిలబడింది కదా అనుకున్నాను. ఇంతలో సెక్రటరీ గారు చెమట తుడుచుకుంటూ "దారుణ్! దారుణ్!" అని చప్పట్లు కొట్టారు. బెంగాలీలో దానికి అద్భుతం అని అర్థం. తెలుగులో ఏమర్థమో మీకు తెలుసు. ఆ పూట నాకు రెండూ సరిపోయాయి. "ఇదీ టీమ్ స్పిరిట్ అంటే! ఒక్క రోజులో పిల్లల్ని ఇలా తయారుచేశారంటే, ఏడాదంతా చెప్తే ఎలా ఉంటారు?" అని శిక్షకుడి భుజం తట్టి, వచ్చే టర్ము నుంచి లైఫ్ స్కిల్స్ ఖాయమని అక్కడికక్కడే ప్రకటించేశారు. ఆ కుర్రాడు ఎటు చూడాలో తెలీక టోపీ సర్దుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా కొట్టింది.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని అందరికీ శనగలు పంచింది. అయ్యాక ఖాళీ పొట్లం మడిచి, "నా పీరియడ్డు నానే మింగేసినానే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చాల్సింది పోయి నేను తిట్టాను. చెప్తే విన్నారు కాదు, అనుభవించండి అన్నాను. ఆవిడ ఏడుస్తూనే తలూపింది.

కొత్త టర్ములో తెలుగు పోయింది. శిక్షకుడు వారం వారం వచ్చి క్లాసులో పిల్లల చేత ఒకరి చేతులొకరు పట్టించి, మనుషులతోనే ముడి వేయించే ఆట ఆడించేవాడు. గంట కొట్టినా ఆ ముడి విడేది కాదు. తర్వాతి పీరియడ్ నాది. సగం పీరియడ్ పిల్లల్ని విడదీయడానికే సరిపోయేది. ఎండలు ముదరకముందే ఆ కంపెనీకి ఏదో పెద్ద ఊళ్ళో పెద్ద బడి దొరికింది. కుర్రాడు రావడం మానేశాడు. లైఫ్ స్కిల్స్ అని బోర్డు మీద రాసేశాం, తల్లిదండ్రులకి చెప్పేశాం, ఇప్పుడెలా అని ప్రిన్సిపాలు గారు తల పట్టుకున్నారు. క్యాంపు అనుభవం ఉన్నవాళ్ళెవరని వెతికారు. ఖాళీగా ఉన్నదీ, అనుభవం ఉన్నదీ ఒక్కరే.

ఇంక చూసుకోండి! తెలుగు ఇష్టమైనవాళ్ళకే. లైఫ్ స్కిల్స్ క్లాసంతటికీ తప్పనిసరి. లైబ్రరీ మూల పోయి పెద్ద గది వచ్చింది. బెంగాలీ పిల్లలు, బిహారీ పిల్లలు, ఒడియా పిల్లలు అందరూ ఆవిడ ముందు కూర్చున్నారు. కంపెనీ ఇచ్చిన రంగురంగుల పుస్తకాన్ని ఆవిడ కుర్చీ కాలి కింద పెట్టింది, ఊగుతోందని. మొదటి రోజే అందరికీ చెప్పిందట: "మనిసన్నాక ముందు రావాల్సిన స్కిల్లు, ఎదటోడు తిన్నాడో లేదో అడగడం. అనండి, తిన్నావేటి?" క్లాసంతా అంది. ఒకసారి ప్రిన్సిపాలు గారు కిటికీలోంచి చూస్తే పిల్లలు జంటలుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు "తిన్నావేటి?" "తిన్నాను, నువ్వో?" అని అడుక్కుంటున్నారు. ఆయనకి తెలుగు రాదు. కమ్యూనికేషన్ బాగా పెరిగిందని మీటింగులో మెచ్చుకున్నారు. నేను ఆవిడ వైపు చూడకుండా నవ్వాపుకున్నాను. ఆవిడ ఆపుకోలేదు.

అలా రెండేళ్ళు దర్జాగా ఏలింది. దారిలో పిల్లలు సైకిళ్ళాపి ఆవిడతో తెలుగులో మాట్లాడేవారు. వచ్చీరాని తెలుగు, అన్నీ శ్రీకాకుళం యాసలో. ముఖర్జీల పిల్లాడు "మిస్సు, నాను ఇంటికెల్లిపోతన్నాను" అంటే ఆవిడ మొహం చూడాలి!

వానాకాలంలో ఒక మధ్యాహ్నం బడిలోనే గుండె పట్టేసింది. ఆసుపత్రికి చేరలేదు. బడిలో సంతాపసభ పెట్టారు. ఇంగ్లీషులో చదివారు. అంకితభావం గల లైఫ్ స్కిల్స్ నిపుణురాలట! తెలుగన్న మాటే లేదు. లేచి నాలుగు అందామనుకున్నాను. పిల్లలు ఏడుస్తున్నారని ఊరుకున్నాను.

ఆ పీరియడ్‌కి కొత్త టీచరమ్మని వేశారు. మిడ్నాపూర్ నుంచి వచ్చే బెంగాలీ అమ్మాయి, ఇంకా చదువు వాసన పోని చిన్నపిల్ల. మొదటి రోజు క్లాసు నుంచి స్టాఫ్ రూముకి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. నా దగ్గరికొచ్చి, "దీదీ, ఓరా ఆమాకె కీ బొల్లో?" అంది. వాళ్ళు నన్నేమన్నారు అని. బోర్డు తుడుస్తుంటే సుద్దపొడి ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మిందట. తుమ్మగానే నలభై మందీ ఒక్కసారిగా ఏదో అరిచారట. నవ్వుతూ కూడా కాదు, భక్తిగా అరిచారట. తిట్టారేమోనని ఆ పిల్ల భయం.

"ఏమన్నారు?" అని అడిగాను.

గుర్తు తెచ్చుకుని, తడుముకుంటూ అంది: "సి... సిరంజీవ."

అది తిట్టు కాదని, ఎవరైనా తుమ్మితే మావాళ్ళు నూరేళ్ళు బతకమని అలా దీవిస్తారని బెంగాలీలో చెప్పాను. చెప్తూ చెప్తూనే భోరుమన్నాను. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళ సీసా అందించింది. "నూరేళ్ళు బతకమంటే ఏడుస్తారేమిటి దీదీ?" అంది.

ఆ మాట వాళ్ళకి నేర్పిన మనిషి అరవై ఏళ్ళైనా బతకలేదని ఆ పిల్లకి ఏ భాషలో చెప్పను?